ఎర్ర చుక్కలు లేని జాబితా

రామ్మూర్తి గారూ,

మీరు మమ్మల్ని వదిలి వెళ్లిపోయి రేపటికి ఏడాది. ఈ రోజు మన చక్కెర ఫ్యాక్టరీలో రైతులకిచ్చే చెరకు కటింగ్ ఆర్డర్లు మొదటిసారి కంప్యూటర్‌లోంచి వచ్చాయి.

ఆ ప్రాజెక్టు ఎందుకు కావాలో రిపోర్టు రాసింది నేనే. 'ఏ ఊళ్లో ఎప్పుడు కోయాలో ఒక్క మనిషికే తెలిసి ఉండటం ప్రమాదం' అన్నది అందులో మొదటి వాక్యం. మీకు చూపిస్తే నవ్వారు. "నిజమేనయ్యా, అలాగే ఉంచు" అని మీ పుస్తకం నా చేతిలో పెట్టారు.

అందులో పల్లపు ఊళ్ల పేర్ల పక్కన ఎర్ర పెన్సిల్ చుక్కలున్నాయి. తుఫాన్ల రోజులు దాటి పొలాల్లోకి బళ్లు వెళ్లే పుంతదారులు ఆరేదాకా మీరు అక్కడ కత్తి పెట్టనిచ్చేవారు కాదు. ప్రోగ్రాంలో నాటిన తేదీకి గడి ఉంది, చుక్కకి లేదు. గడువు ముంచుకొస్తోంది. 'రికార్డు మొత్తం ఎక్కించాం' అని సంతకం చేసేశాను.

పొద్దున ప్రింటర్‌లోంచి, నాటిన తేదీల వరసలో, మొట్టమొదట ఆ పల్లపు ఊళ్లే వచ్చాయి. ఆపమని చెబుదామని మేనేజరు గారి గదికి వెళ్లాను. అందరూ స్వీట్లు తింటున్నారు. నా చేతిలోనూ ఒకటి పెట్టారు. తిని వచ్చేశాను.

గేటు దగ్గర రైతు వీర్రాజు గారు ఆర్డరు పట్టుకుని నిలబడ్డారు.

"వానొస్తే మా పుంతలో బండి దిగబడిపోద్దండి. కోసిన చెరకు చేలోనే పులిసిపోద్ది. ఇది రామ్మూర్తి గారి పుస్తకంలోంచే తీశారా అండి?"

"అవునండి" అన్నాను.

"అయితే ఇంక భయమేంటండి" అని ఆయన కూలీలను పిలవడానికి వెళ్లారు. ఆయన వెళ్లిన వైపే ఆకాశం నల్లబడుతోంది.