వానాకాలంలో చేరినవాళ్లకు మెయిల్

ఐప్పసి వానల నెల, బుధవారం

నెలనెలా మా వడియాలు తెప్పించుకోవడానికి కొత్తగా చేరినవాళ్లకు స్వాగతం మెయిల్ రాశాను. వానరోజుల్లో వడియాలు ఎండవు, పార్సెల్ ఆలస్యమవుతుందని కూడా అందులో చెప్పాను.

"చేరిన రోజే ఇట్ల చెప్తే ఎవరుంటారత్తా?" అని పంపేముందు కోడలు కవిత నవ్వింది.

"పచ్చివి పంపి బూజు పట్టించేదానికన్నా మేలే," అన్నాను గానీ, ఉన్న కొద్దిమందీ మానేస్తారేమోనని పగలంతా గుబులే.

సాయంత్రం మదురై నుంచి ఒకావిడ జవాబు రాసింది: "ఉన్నదున్నట్టు చెప్పినారు, సంతోషం. బాగా ఎండినాకే పంపండి." ప్రాణం కుదుటపడింది.

"తిట్లొస్తే మీకే రానీ అని మెయిల్ కింద మీ పేరు పెట్టినానత్తా. పొగడ్తా మీకే పోయింది," అంది కవిత.

మిగతావాళ్లు ఇంకా ఏమీ రాయలేదు. మానేస్తామనీ ఎవరూ రాయలేదు.