నా కారు, ఆమె సీటు

ఆదివారం, మదనపల్లె

సెలవు రోజుల్లో హార్సిలీ హిల్స్ మలుపుల్లో తిప్పడానికి ఎర్ర స్పోర్ట్స్ కారు కొనాల్సిందే. ఉన్న కారు పెళ్లిళ్లకూ పొలానికీ సరిపోతుంది. బ్యాంకు లోను వద్దు, కురబలకోట పొలంలో టమోటా పెట్టి, రేటు రాగానే కొంటానని మా ఆవిడకు చెప్పాను.

"రేటు పడిపోతే?" అంది, అనపకాయల గింజలు ఒలుస్తూనే.

"అందరి మాదిరే రోడ్డు పక్కన పారబోస్తాం."

"పారబోసేదానికైనా తీసుకపోవల్ల గదా. ఆ కార్లో ఎన్ని క్రేట్లు పడతాయి?"

ఉండేది రెండే సీట్లని, డిక్కీలో పెట్టె కూడా పట్టదని ఒప్పుకున్నాను.

"అట్లయితే నేను ఇంటికాడే ఉంటాలే. నా సీట్లో ఒక క్రేటన్నా పెట్టుకో."

నాకు ఎంత కోపం వచ్చిందో. ఇప్పుడే ఫోన్లో ఆ సీటు కొలతలు చూశాను. అడ్డంగా పెడితే పడుతుంది.