సంగప్ప భుజం మీద చెయ్యి

డిసెంబర్ 2

సంగప్పా, బాగున్నావారా? రాయడం ఆలస్యమైంది, ఏమనుకోకు. అయ్యప్ప పడిపూజల సీజన్, పటాన్‌చెరు షాపులో ఫ్లెక్సు మిషన్‌కి రెస్ట్ లేదు. నీకు పెట్టిన మెసేజీలన్నిటికీ ఒకటే టిక్కు. మీ అరబ్బు దేశంలో నెట్ కట్ చేశారట. అందుకే ఫోన్ నోట్స్‌లో డైరీలా రాసుకుంటున్నా. నువ్వు చదువుతావో లేదో తెలియదు.

టీవీలో మీ ప్రెసిడెంటును చూపించారు. రాజధాని చుట్టూ తిరుగుబాటు జనం, ఆయనేమో నవ్వుతూ చెయ్యి ఊపుతున్నాడు. నాకు ఒళ్లు మండింది.

డిసెంబర్ 4

నువ్వు అక్కడి సిమెంటు ఫ్యాక్టరీలో వెల్డర్‌గా చేరినప్పుడు ఆయన ఉత్త కల్నల్. టీవీ స్టేషన్ పట్టుకుని, పాత ప్రెసిడెంటును జైల్లో తోసి, త్వరలోనే ఎలక్షన్ పెట్టి బ్యారక్‌కి వెళ్లిపోతానన్నాడు. ఫ్యాక్టరీ గేటు మీది ఆయన ఫొటో తీసి పంపావు. మన లక్డారంలో ఎవరి బర్త్‌డే ఫ్లెక్సు చూసినా పైన మూలల్లో లీడర్లు ఉండాల్సిందే కదా. నీ బర్త్‌డేకి నువ్వేమో, మా సార్‌ను పెట్టు మధూ, ఇక్కడి లీడర్లందరికంటె పెద్దోడు, నా పక్కన్నే నిలబడ్డట్టు పెట్టు అన్నావు. పెట్టాను. ఆయన చెయ్యి నీ భుజం మీద ఉన్నట్టు కూడా చేశాను. ఊళ్లో సగం మంది నిజమే అనుకున్నారు.

మరుసటి బర్త్‌డేకి ఆయన జనరల్. ఆ తర్వాత మార్షల్. ఎలక్షన్ పెట్టాడు, పోటీ చేసినవాళ్లను ముందే లోపలేశాడు. ఫ్లెక్సులో పతకాలు పట్టక నీ పేరు ఫాంట్ తగ్గించాల్సి వచ్చింది.

క్యాంటీన్‌లో ఆయన మీద జోక్ వేసిన క్రేన్ ఆపరేటర్ ఇంటికి చేరలేదని చెప్పావు. గొంతు తగ్గించి చెప్పావు. వెంటనే, గా ఫ్లెక్సు ఫొటో మాత్రం ఫోన్లకెళ్లి తీస్తలేను, పోలీసోళ్లు ఆపితె గిదే సూపిస్తున్న, సలాం గొట్టి పంపుతుండ్రు అని నవ్వావు.

డిసెంబర్ 7, ఉదయం

పారిపోయాడు.

ప్రాణం పోయేదాకా మీతోనే ఉంటానని నిన్న సాయంత్రమే స్పీచ్. తెల్లారేసరికి పెళ్లాం, పిల్లలు, కుక్క సహా విమానం ఎక్కేశాడు. ఆయన సిపాయిలు యూనిఫాంలు రోడ్డు మీద విప్పేసి బనియన్లతో పరుగెత్తుతున్నారు. ఆయన్ని నమ్మినవాళ్లు, భయపడి ఫొటో పెట్టుకున్నవాళ్లు, అందరూ అక్కడే. సిగ్గులేని మనిషి.

డిసెంబర్ 7, మధ్యాహ్నం

ఆ ఫొటో డిలీట్ చెయ్యరా. ఒకటే టిక్కు.

డిసెంబర్ 9

నీ రూమ్మేట్, మన భానూర్ ప్రవీణ్, ఎవరిదో ఫోన్ దొరికించుకుని మీ ఆవిడ జ్యోతికి చేశాడు. జ్యోతి ఆటో దిగి తిన్నగా షాపుకే వచ్చింది.

చెక్‌పోస్టులో తిరుగుబాటువాళ్లు నిన్ను పట్టుకున్నారు. ఫోన్ చూశారు. మార్షలే భుజం మీద చెయ్యేశాడంటే ఈ మనిషి మామూలోడు కాదు, ప్యాలెస్ గూఢచారి అంటున్నారట. ఏదో స్కూల్లో కూర్చోబెట్టారట. అక్కడికి తీసుకెళ్లినవాళ్లలో కొందరు తిరిగి రాలేదట.

జ్యోతి కౌంటర్ మీద చెయ్యి బాదింది. మా ఆయన కడ్డీలు అతికేటోడు అన్నా, గాయన బనియన్‌కే పది తూట్లుంటయి, గసుంటోడు ప్రెసిడెంటుకు దోస్తెట్లయితడు, గన్నులు పట్టుకున్నోళ్లకు గీ మాత్రం అకల్ లేదా అని అడిగింది. లోపల పడిపూజ ఫ్లెక్సు కోసం నిలబడ్డ గురుస్వామి ఆమెకు స్టూలు జరిపాడు.

డిసెంబర్ 10

కంప్యూటర్లో నీ బర్త్‌డే ఫ్లెక్సు ఫైలు తెరిచాను. ఒకదాని మీద ఒకటి అతికించిన లేయర్లన్నీ భద్రంగా ఉన్నాయి.

స్క్రీన్ రికార్డింగ్ పెట్టి ఒక్కొక్కటీ తీస్తూ పోయాను. ముందు పతకాలు. తర్వాత ఆయన. చివరికి నీ భుజం మీద చెయ్యి ఒక్కటే మిగిలింది. అది నాదే కదా, నా ఫొటోలోంచి కోసి అతికించి, ఆకుపచ్చ రంగు కొట్టి మిలిటరీ చొక్కా చేశాను. ఆ రంగూ తీసేశాను. లామినేషన్ మిషన్ తగిలి కాలిన మచ్చ బయటపడింది. నా చెయ్యి చాచి, అదే మచ్చ కెమెరాకి చూపించాను. ఇది షాపు, ఇది నేను, ఈ సంగప్ప జన్మలో ప్రెసిడెంటును చూడలేదు అని చెప్పాను. జ్యోతి పక్కన నిలబడి, నిజం సాబ్, కసమ్ అంది.

అరబీలో చెప్పడానికి ప్రవీణ్ ఉన్నాడు. ఆ స్కూలుకి తీసుకెళ్లి చూపించమని వాడికి పంపాను. అక్కడ నెట్ వచ్చినట్టుంది, రెండు టిక్కులు పడ్డాయి.

డిసెంబర్ 12

ఏమీ తెలియలేదు. గురుస్వామి ఫొటో బదులు ఇంకెవరిదో వేశానట. తిట్టాడు. తిట్టనీ.

డిసెంబర్ 13

ప్రవీణ్ ఫోన్. స్పీకర్ పెట్టాను, జ్యోతి వింటోంది.

ఆ స్కూల్లోని తిరుగుబాటు కమాండర్ వీడియో మళ్లీ మళ్లీ చూశాడట. తన మనుషుల్ని పిలిచి చూపించి నవ్వాడట. నిన్ను వదిలేస్తాడట. కానీ ఆయన కూడా పాత మిలిటరీలో కెప్టెనే. కొత్త సర్కార్‌లో పెద్ద కుర్చీ మీద కన్నుందట. తన ఫొటో పంపాడు. మార్షల్‌ను తీసి గాడ నన్ను పెట్టుమను, కూలోని భుజం మీద చెయ్యి మస్తు కుదిరింది, పోస్టర్లు ఏపిస్త, గా పని అయినంకనే మనిషిని ఇడుస్త అన్నాడని ప్రవీణ్ చెప్పాడు.

నాకు ఫోన్ పగలగొట్టాలనిపించింది. ఆ ఊరి గోడలన్నిటి మీదా నీ మొహం. రేపు వీడూ పడిపోతే మళ్లీ నిన్నే పట్టుకుంటారు కదా అన్నాను.

రేపటి సంగతి రేపు సూస్కుందాం, ముందుగాల మనిషిని బయటికి రానీ, తిట్టుకుంటనన్న పెట్టన్నా అంది జ్యోతి.

డిసెంబర్ 15

తిట్టుకుంటూనే పెట్టాను. రాబోయే పతకాలకని ఛాతీ మీద జాగా ఎక్కువ వదలమన్నాడట. వదిలాను.

నువ్వు ప్రవీణ్ రూముకి చేరావట. పోస్టర్లు గోడలకెక్కకముందే విమానం ఎక్కు. ఎప్పుడు కలుద్దాంరా?