హుఫూఫ్ నుంచి శుభవార్త

హుఫూఫ్

వదిన గారికి,

వీణ వందనాలు. ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకని అనుకోకండి. మీరు స్పీకర్ పెట్టి మాట్లాడతారు, మీ వీధిలో వాళ్ళు కూడా జవాబు చెబుతారు. ఇది ఆ రకం సంగతి కాదు. సౌదీ వాళ్ళకే ముందు ఉద్యోగాలనే ఈ నితాకత్ పుణ్యమా అని మా ఆస్పత్రి నుంచి ఎవరో ఒక నర్సు ఎప్పుడూ ఇంటికి పోతూనే ఉంది కాబట్టి, ఉత్తరాలకు పోస్టాఫీసుతో పని లేదు.

ఇక్కడ ఉండే ఇంటివాళ్ళ మీద తలకింత ఫ్యామిలీ ఫీజు వచ్చాక మీ తమ్ముడు పాలకొల్లు వచ్చేశారు కదా. అప్పటి నుంచి నాకు ఒంట్లో బాగుండటం లేదు. నెలనెలా రావలసింది రావడం లేదు. ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిర్లు. ఊరికే ఏడుపొస్తోంది. మొన్న ఒక ముసలాయనకు బీపీ చూస్తూ ఏడ్చాను. తన పని అయిపోయిందనుకుని ఆయన కొడుకులందరినీ పిలిపించుకున్నాడు. డాక్టరమ్మ చూసి, ఇదేం జబ్బు కాదు పొమ్మంది.

ఇంకొకటి రాయడానికి సిగ్గు. దగ్గినా, తుమ్మినా, బరువెత్తినా నిలవదేమోనని భయం. అంతకన్నా విప్పి రాయలేను. ఫిజియోథెరపీలో బషీరున్నీసా గారని హైదరాబాద్ ఆవిడ ఉంది. కానుపులైన ఆడవాళ్ళకు కసరత్తు చేయిస్తుంది. కొన్ని నెలలు ఓపిక పడితే ఫలితం కనిపిస్తుందట.

నా కాంట్రాక్టు రెన్యువల్‌కు వచ్చింది. నితాకత్ లెక్కలో ఆస్పత్రికి ఆకుపచ్చ రంగు పోకూడదని మావాళ్ళు సౌదీ అమ్మాయిలను తీసుకుంటున్నారు. నాలో ఏ లోపం కనబడినా ముందు పోయేది నేనే. మీ తమ్ముడికి చెప్పకండి. ఆయన తన స్నేహితుడు మౌలాలికి చెబుతారు, మౌలాలి పనిచేసేది మా ఆస్పత్రి ఆఫీసులోనే.

మీ వీణ

తా.క. మీకు తోచిన మందేదైనా పంపండి. వేపాకు కషాయం తప్ప.

*

పాలకొల్లు

అమ్మాయ్ వీణా,

దీవెనలు. నీ ఉత్తరం చదివి అక్కడే మోకరించాను. శారమ్మకు తొంభయ్యేళ్ళకు కలగలేదా? ఎలీసబెతు ముసలితనంలో గర్భం ధరించలేదా? నీకు నలభై ఏడేగా. పిల్లలిద్దరూ కాలేజీలో ఉన్నంత మాత్రాన సిగ్గెందుకు?

నిలవదేమోనని దిగులు పెట్టుకోకు. ప్రభువు ఇచ్చింది ప్రభువే నిలబెడతాడు. నువ్వు మాత్రం బరువులెత్తకు. కొత్తగా వచ్చిన సౌదీ పిల్లలను ఎత్తమను, అందుకేగా తీసుకున్నది. శొంఠి పంపుతున్నాను. మెత్తబడిన పాత చీరలు రెండు ఉతికి పెట్టాను, పొత్తిగుడ్డలకు పనికొస్తాయి.

నువ్వు వద్దన్నావని తమ్ముడికి చెప్పలేదు. ప్రార్థన కోసమని పాస్టరమ్మ గారి చెవిన వేశాను. ఆవిడ కూడా ప్రార్థన కోసమే మరికొందరికి చెప్పింది.

వదిన, మణి

తా.క. చివరికి తమ్ముడు నెహెమ్యాకు చేపల బజారులో తెలిసింది. చేప కొనకుండానే ఇంటికొచ్చి కూర్చున్నాడు.

*

హుఫూఫ్

వదిన గారికి,

మీ జవాబు ఇంకా అందలేదు. అయినా మా వార్డు అమ్మాయి ఉద్యోగం పోయి ఎగ్జిట్ వీసా మీద ఇంటికి వెళ్తోందని ఇది రాసిస్తున్నాను.

బషీరున్నీసా గారు నిదానస్తురాలు. పడుకోబెట్టి, పరీక్ష చేసి, ఊపిరి వదులుతూ లోపలికి బిగించమంటుంది, మళ్ళీ పూర్తిగా వదలమంటుంది. వదలడం కూడా నేర్చుకోవాలట. ఇన్నాళ్ళూ భయానికి నీళ్ళు తాగడం మానేశాను. ఈ ఎండల్లో అదేం పనని కోప్పడింది.

మొన్న ఒక మెషీన్ పెట్టింది. తెర మీద రెండు గీతలు కదులుతుంటాయి. ఒకటి పొట్టది, రెండోది దాని కిందది. ఇన్నాళ్ళూ రెండోది మందంగా ఉండేది. మొన్న చక్కగా లేచింది. బషీరున్నీసా గారు "మాషా అల్లాహ్" అంది. నాకు కళ్ళు చెమర్చాయి. లోపల ఇంకా ప్రాణం ఉందనిపించింది.

మీ వీణ

తా.క. ఆవిర్లకు వేరే మందు ఇచ్చారు. ఈ కసరత్తు వాటికి కాదట.

*

పాలకొల్లు

అమ్మాయ్ వీణా,

దీవెనలు. కవలలు.

నీ ఉత్తరం పాస్టరమ్మ గారికి కూడా చూపించాను. రెండు గీతలంటే రెండు గుండెలేనని ఆవిడా అంది. రెండోది మందంగా ఉండేదని చదివి భయపడ్డాను గాని, ఇప్పుడు లేచిందన్నావు, చాలు. ఆదివారం పాస్టరు గారు ఏశావు, యాకోబుల మీద ప్రసంగించారు. ఊరంతా నెహెమ్యా వైపు చూసింది. వాడు పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుని పాడాడు.

నువ్వు అక్కడ ఒక్కదానివీ అవస్థ పడటం వాడికి ఇష్టం లేదు. మౌలాలికి ఫోన్ చేసి ప్రసూతి సెలవు సంగతి కనుక్కోమన్నాడు. మౌలాలి మంచివాడు. ఎవరినో ఎందుకని నేరుగా మీ పెద్ద మేడమ్‌నే అడిగాడట.

వదిన, మణి

తా.క. అక్కడ మాత్రం కనకు. ఒక్కొక్కరికీ విడివిడిగా ఫీజు వేస్తారట.

*

హుఫూఫ్

వదిన గారికి,

వందనాలు. నాకు కడుపు రాలేదు. ఈసారి సిగ్గు పక్కన పెట్టి రాస్తున్నాను. ఇది నెలసరి ఆగిపోయే ముందు వచ్చే అవస్థ. నిలవనిది గర్భం కాదు, మూత్రం. తెర మీద గీతలు పిల్లలవి కావు, నా కండరాలవి.

మేడమ్ నన్ను పిలిపించింది. సౌదీ ఆవిడ, ముక్తసరి మనిషి. నా రెన్యువల్ కాగితం ఎదురుగా పెట్టుకుని, "మబ్రూక్" అని శుభాకాంక్షలు చెప్పి, "ఎన్నో నెల?" అంది. ఏ నెలా కాదన్నాను. మీ ఇంటివాళ్ళు ఇద్దరంటున్నారే అంది. ఉద్యోగం కోసం దాస్తున్నానని అనుకుంది. పరీక్షకు పంపింది. ఆ గ్లాసు పట్టుకుని నేను వెళ్తుంటే మూడు వార్డుల వాళ్ళు చూశారు. ఇన్నాళ్ళూ ఆపుకోవడమే నేర్చుకున్నానేమో, అప్పుడు ఎంతకూ రాలేదు. లాబ్ అమ్మాయి కుళాయి తిప్పి, బయట నిలబడి ఓపిక పట్టింది.

లేదని రిపోర్టు వచ్చింది. అప్పుడు మేడమ్‌కు అంతా చెప్పాను. ఇక ఇంటికి పంపుతుందనుకున్నాను. "పేషెంట్‌ను లేపగలవా?" అని అడిగింది. ఇప్పుడు లేపగలనన్నాను. వార్డుకు తీసుకెళ్ళి, భారీకాయం ఒకావిడను చూపించింది. ఊపిరి వదులుతూ, ముందే బిగించి, ఇద్దరం కలిసి లేపి కుర్చీలో కూర్చోబెట్టాం. ఏమీ కాలేదు. మేడమ్ అక్కడే నిలబడి సంతకం పెట్టింది.

బయటకొచ్చి వరండాలో కావాలని గట్టిగా దగ్గాను. మళ్ళీ దగ్గాను. చాలా రోజుల తర్వాత సంతోషంగా అనిపించింది.

మీ తమ్ముడికి మీరే చెప్పండి. ఆయన బాధపడతారని తెలుసు.

మీ వీణ

తా.క. రిపోర్టు చేతికిస్తూ లాబ్ అమ్మాయి నన్ను కౌగలించుకుని ఓదార్చింది. వెనక మౌలాలి కళ్ళు తుడుచుకుంటున్నాడు.

*

పాలకొల్లు

అమ్మాయ్ వీణా,

దీవెనలు. నెహెమ్యాకు చెప్పాను. ఉత్తరం చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత, "దాని ఒంట్లో బాగుందా?" అన్నాడు. ఉందన్నాను. వెళ్ళి చేపలు తెచ్చాడు.

పాస్టరమ్మ గారు మాత్రం ప్రార్థన ఎక్కడ తప్పిందోనని ఆలోచిస్తోంది.

ఇప్పుడు నా సంగతి. ఇది తమ్ముడికి చెప్పలేదు, పాస్టరమ్మకూ చెప్పలేదు. మణమ్మ నవ్వదు, గంభీరమైన మనిషి అని ఊళ్ళో అంటారు. ఆ గంభీరం చూసే నన్ను స్త్రీల సమాజానికి అధ్యక్షురాలిని చేశారు. గుడిలో చివరి బల్ల మీద కూర్చుంటే తగ్గింపు గల మనిషి అన్నారు. అది తలుపు పక్క బల్ల. అక్కడి నుంచి మరుగుదొడ్డి దగ్గరవుతుంది. మా చిన్నవాడు పుట్టినప్పటి నుంచి నేను పెద్దగా నవ్వింది లేదు, వీణా. నవ్వితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆడదాని బతుకు ఇంతే కాబోలు అనుకున్నాను. దీనికి కసరత్తు ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

నేను కానుపు కోసమనుకున్న ఆ బిగించడం, వదలడం నాకు అర్థమయ్యేటట్టు మళ్ళీ రాయి. అరవై దాటిన వాళ్ళకు కూడా పనిచేస్తుందేమో బషీరున్నీసమ్మను అడుగు.

వదిన, మణి

తా.క. నీ ఉత్తరం నువ్వు గ్లాసు పట్టుకుని వెళ్ళేదాకా చదివి, నవ్వు ముంచుకొస్తుంటే పక్కన పెట్టాను. తర్వాతది నెహెమ్యా చదివి చెప్పాడు, నేను గుమ్మం అవతల నిలబడి విన్నాను. చివర లాబ్ పిల్ల నిన్ను ఓదార్చిన దగ్గర మళ్ళీ ఆపమన్నాను. ఆ మిగతాది నీ కసరత్తు వచ్చాక చదువుకుంటాను.