ఒక్కరి ఫిర్యాదు చెల్లదట

6 మార్చి 1961, సోమవారం

అమ్మ పేరు హాజరీ పుస్తకంలోంచి కొట్టేశారు. కొట్టేసినవాడు ఠేకేదారు దగ్గర కూలీల లెక్క రాసే మున్షీ, రాంబిలాస్. మరిచిపోకుండా రాసిపెట్టుకుంటున్నాను.

బారిడీహ్‌లో కొత్త క్వార్టర్ల పని. ఎనిమిదో నెల కడుపుతో ఉన్న తోటి కూలీ గౌరి నెత్తిన నిండు ఇటుకల తట్ట పెట్టించాడు. అమ్మ ఆ తట్ట దించి వాడి కాళ్ళ ముందు బోర్లించింది. అంతే. "కల్ సే మత్ ఆనా" అన్నాడట, రేపట్నుంచి రావద్దని. నాన్న పోయినప్పటి నుంచి చేస్తున్న పని, ఇల్లు గడిచే పని — ఒక్క గీత.

అమ్మ చేతులు కడుక్కుని బియ్యం ఏరుతోంది. కాగితాలు వెతుకుతున్నది నేను.

7 మంగళవారం

లేబర్ ఆఫీసరుకి అర్జీ. నాలుగు పేజీలు. "నా తల్లి చెమట, నా తల్లి కన్నీరు..." అమ్మ ఏడవలేదు, అయినా రాశాను. ఇన్ని కరపత్రాలు చదివాక చెయ్యి ఊరుకోదు. ఆఫీసులో ఇచ్చేసి, నకలు దాచుకున్నాను.

9 గురువారం

సాక్చీలో వకీలు మూర్తిగారి దగ్గరికి. మెచ్చుకుంటాడనుకుని నకలు చూపించాను. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి —

"బాగా రాశావు నాయనా. ఇందులో మీ అమ్మ తప్ప ఇంకెవరూ లేరే."

ఉండాలా?

ఉండాలట. ఒక్క కూలీ గొడవ కోర్టు లెక్కలో కార్మిక వివాదమే కాదట. తోటివాళ్ళు 'ఇది మా గొడవ కూడా' అంటేనే అవుతుందట. చట్టంలో ఆ మాట ఎక్కడుందని అడిగాను. చట్టంలో సూటిగా లేదు, తీర్పుల్లో ఉంది అన్నాడు. ఎక్కడో ఎవడో గుమాస్తా ఒంటరిగా వెళ్ళి ఓడిపోయాడు. పెద్ద కోర్టు ఆ మాట అన్నది. ఇక కింద కోర్టులన్నీ అదే అనాలి.

"ఆ గుమాస్తాకీ మా అమ్మకీ ఏం సంబంధం?"

"లేదని చూపించడమే మన పని. అతని వెనక ఎవరూ లేరు. మీ అమ్మ వెనక మనుషులుంటే ఆ తీర్పు మనకి తగలదు."

అంటే అన్యాయం జరిగిందా లేదా అని ముందు చూడరు. పాత కేసు పక్కన కొత్త కేసుని నిలబెట్టి పోలికలు చూస్తారు, సంతలో దూడల్ని చూసినట్టు. ఎంతమంది కావాలి? "చెప్పుకోదగ్గంత మంది." పదిమందా? "అంకె ఏ తీర్పూ చెప్పలేదు."

సిగ్గులేని మాట.

నేనే అమ్మని ఒంటరిని చేసి పంపాను. నాలుగు పేజీల్లో. ఎంత అందంగా...

10 శుక్రవారం

అమ్మ ముఠాలో ఇరవైరెండు మంది ఆడవాళ్ళు. ముందు వేలిముద్ర అడగడానికి సిద్ధగోరాలో పెంటమ్మత్త ఇంటికి వెళ్ళాను — గౌరి అత్తగారు, ఆవిడదీ ఆ ముఠాయే.

"నాను ముద్దరేత్తే రేపు నా హాజరీ నువ్వేత్తావేటి?"

"మీ కోడలి కోసమే కదా మా అమ్మ—"

"దించమని నానేటి సెప్పినానా?"

గౌరి గుమ్మంలో నిలబడి వింటోంది. బానిసలు మీరంతా అన్నాను. అత్త నవ్వింది. "ఓరి సదూకున్నోడా, బానిసలకి ఆకలెయ్యదేటి? కూకో, అంబలి తాగెల్లు."

తాగకుండా వచ్చేశాను. సగం దారిలో ఆకలేసింది. దానికీ కోపమే.

11 శనివారం

మళ్ళీ మూర్తిగారు. సోమవారం లేబర్ ఆఫీసరు కాగితాలు పాట్నాలో ప్రభుత్వానికి పంపేస్తున్నాడట. ప్రభుత్వం కేసుని కోర్టుకి అప్పగించే నాటికే తోటివాళ్ళు నిలబడి ఉండాలట. తర్వాత వందమంది వచ్చినా లాభం లేదని ఇంకో తీర్పు. ప్రతి తలుపు దగ్గరా ఒక పాత తీర్పు కాపలా.

"అన్నీ తగలబెట్టాలి" అన్నాను.

"తగలబెడుదువుగాని. మీవాళ్ళు పైదాకా వెళ్ళి గెలిస్తే అదీ ఒక తీర్పే. రేపు ఇంకో ఊళ్ళో ఇంకో కూలీ తరఫున దాన్నే చదువుతారు. అదీ తగలబెడతావా?"

ఆ మాటతో ఇంకా మండింది.

ఇంటికొచ్చి నోటీసు రాశాను. "శ్రామిక సోదరీమణులారా, సంకెళ్ళు తెంచుకోండి..." అమ్మకి వినిపించాను. చాట పక్కన పెట్టింది.

"సంకెళ్ళంటే పోలీసులొత్తారనుకుంటారు."

"మరేం రాయను?"

"రాత్తే సదివేదెవరు? నానే ఎల్లి సెప్తాను. నీ కాయితం తెల్లగుంచు."

"ఎవరూ రాకపోతే?"

"నా పని పోతాది. ఆళ్ళొత్తే ఆళ్ళ పనీ పోవచ్చు. అదీ సెప్తాను."

"అది చెప్పకు."

"దాసిపెట్టి ముద్దరేయించుకుంటే నీకూ ఆ మున్షీకీ తేడా ఏటిరా?"

చెంగు నడుముకి దోపుకుని వెళ్ళిపోయింది.

12 ఆదివారం

పనికి సెలవు. ఈ సాయంత్రం మా వాకిట్లోకి వచ్చి ముద్ర వెయ్యమని అమ్మ నిన్న ముఠా గడపలన్నీ తిరిగింది. వస్తామని ఎవరూ అనలేదు. రామనీ అనలేదు. పెంటమ్మత్త తలుపు తియ్యలేదట. గౌరి మాత్రం పెరటి వైపు నుంచి వచ్చి, ఎన్నింటికని రెండుసార్లు అడిగిందట.

వేలిముద్రలకి సిరా దిమ్మ తెచ్చాను. కాగితం పైన ఒకే వాక్యం, "ఇది మా అందరి గొడవ." కింద అంతా ఖాళీ. భాలుబాసా రోడ్డు వైపు చాప పరిచాం. అమ్మ ఇంకో చాప అడుగుతోంది. ఇది చాలదేమోనట.

మా అమ్మ కోసం రావద్దు. జాలితో రావద్దు. భయం ఉంటే భయంతోనే రండి. నాలుగు గంటలకి, మా వాకిట్లోకి... నాలుగింటికి.