చిన్ని కట్టిన మూట

ఆదివారం, రాత్రి

చిన్నీ,

సాయంత్రం నీ ఆఫీసు స్నేహితురాలు సుమ ఓడరేవు పక్కన మన ఖిదిర్‌పూర్ ఇంటికి వచ్చింది. నువ్వు పోయాక రావడం ఇదే మొదలు. నువ్వక్కడ చేసిన పని ఏమిటో చెప్పమన్నాను.

"యాప్‌లో ఎవరన్న పేరు, ఊరు కొడితే అది దాచే చోటికి సీదా పోదు ఆంటీ. నడుమ అంచెలుంటయి. ఒక అంచె నుంచి ఇంకో అంచెకు కావాల్సిన డేటానే మూటగట్టి పంపాలె. ఆ మూట చిన్ని కట్టింది."

"చిన్ని నాన్నోలు రేవు డాకులో వరసగా నిలబడి పెట్టెలు సేతులు మార్చినట్టేటమ్మా?"

"గంతే ఆంటీ!" అని నవ్వింది.

"మరి ఇప్పుడు చిన్ని లేదు కదా, అది తీసేస్తారేటి?" అని సుమ చేయి పట్టుకున్నాను.

"ముందటి అంచె, వెనుకటి అంచె కొత్తగ రాస్తున్నం. ఆ మూట మాత్రం ముట్టలే. దాన్ని కదిలిస్తే రెండు దిక్కులా ఆగిపోతది."

సుమ వెళ్ళాక కిటికీ దగ్గరే కూర్చుండిపోయాను. నిద్రా కాదు, మెలకువా కాదు. ఎవరో ఎక్కడో తమ ఊరి పేరు కొడుతున్నారు. అది నీ చేతుల మీదుగా, మెత్తగా, లోపలికి వెళుతోంది. నీ గాజులు కూడా కనిపించాయి.

ఏదో ఒకనాడు దాన్నీ మార్చేస్తారేమో. అది ఎప్పుడని సుమను అడగలేదు...

అంతవరకూ నువ్వు ఆఫీసులోనే ఉన్నావనుకుంటాను. పనిలో పడి తిండి మానేయకు తల్లీ. కడుపునిండా తిను.