ప్రణీత్‌ను ఆటలోంచి తీసేసినందుకు

యాడికి నుంచి

పెద్దన్నా,

తమ్ముడు జోయల్ చేయి విరిగిన మాట నిజమే. వాళ్లూ వీళ్లూ చెప్పింది విని నువ్వు ఆవేశపడకముందే జరిగింది నేనే రాస్తున్నాను.

పాత ఆఫీసు కంప్యూటర్ ఒకటి తెచ్చి జోయల్ మన ఇంట్లోనే సర్వర్ తయారు చేశాడు. ఊళ్లో కుర్రాళ్లంతా ఫోన్లలోంచి దాని మీదే ఆటలాడేవారు. పోయిన అమ్మ చర్చిలో పాడిన పాటలన్నీ అందులోనే దాచాం. ఓడినప్పుడల్లా ప్రణీత్ మనల్ని కులం పేరుతో తిట్టేవాడు. నేను అతణ్ణి ఆటలోంచి తీసేశాను.

ఆదివారం మధ్యాహ్నం గడ్డపారతో ఇంట్లోకి వచ్చాడు.

"నన్ను తీసేసేంత దానివైనావా?"

"ఇది మా ఇల్లు. తిట్టేటోళ్లకు ఈడ ఆట లేదు."

గడ్డపార ఎత్తాడు. జోయల్ నాకు అడ్డం వచ్చాడు, దెబ్బ వాడి మోచేతి మీద పడింది. తర్వాత ప్రణీత్ సర్వర్‌ను పొడవడం మొదలుపెట్టాడు. నేను రోకలి అందుకుని అతని మోకాలు పగిలేదాకా కొట్టాను. జోయల్ పట్టి ఆపకపోతే తల మీద కూడా కొట్టేదాన్ని.

రెండు వైపులా కేసులయ్యాయి. ఊరిపెద్దలు రాజీకి రమ్మంటే రానన్నాను.

మనుషుల్ని వెంటేసుకుని రావద్దు, అన్నా. ఒక్కడివే రా. ముక్కల్లో ఒక డిస్కు పగలకుండా మిగిలింది, అందులో అమ్మ గొంతు ఉందేమో. జోయల్ చేయి కట్టులో ఉంది. నేను ముట్టుకుంటే ఆ డిస్కు కూడా పాడవుతుందేమో. దాన్ని బిగించిన స్క్రూలు నువ్వే విప్పాలి.

నీ చెల్లెలు